మాట వయసు

మొదటి బొమ్మ నెల్లూరులోనే గీశాను,
దర్గామిట్టలో, టీ మరక పడిన బిల్లు కాగితం వెనక.
ఒక డబ్బా: ఫోను. ఒక డబ్బా: సర్వరు.
మధ్యలో ఒక బాణం.
ఆ బాణం గీయడానికి అరసెకను పట్టింది.
తర్వాత ఎనిమిది నెలలూ
దాన్ని చెరపడంలోనే పోయాయి.

ఇసకపల్లిలో ఆ బాణం లేదు.
గాలి లేచిన గంటకే టవరు చచ్చిపోతుందని
ఉప్పు కొటారు కాపలా మస్తానయ్య చెప్పాడు,
సందేళకి చీకటి పడుతుందని చెప్పినంత మామూలుగా.
నా కోడ్ మాత్రం
సిగ్నల్ ఉండే తీరుతుందనే నమ్మకంతో
గుండ్రంగా తిరిగే చక్రాన్ని చూపిస్తూ కూచుంది.

ఎర్ర బటన్ పెట్టాను, అరచేయంత.
సాయం కావాలంటే నొక్కమన్నాను.
మాక్ డ్రిల్ నాడు ఒక్కరూ నొక్కలేదు.
"నీళ్లు ఇంట్లోకి రానీ, అప్పుడు జూద్దాం" అంది
ఏకొల్లు పోలమ్మ, పీతల బుట్ట దించకుండానే.
"ఊరికినే పిలిస్తే, రేపు నిజంగా పిలిచినా రారు మే."
బటన్ తీసేసి ఒక ప్రశ్న పెట్టాను:
ఆడ ఎంతమంది ఉండారు?
అందరూ జవాబిచ్చారు.
లెక్క చెప్పడానికి ఎవరికీ మొహమాటం లేదు.

ఇంటి నంబరు గడి తీసేశాను, ఆ గుడిసెలకు నంబర్లు లేవు.
ఆధార్ గడి కూడా.
తెల్ల తెర పోయి నల్లది వచ్చింది,
పదకొండు శాతం చార్జింగు తెల్లారేదాకా రావాలి గదా.
మ్యాపు ఉండాల్సిన చోట మాటలు రాసుకోనిచ్చాను:
బకింగ్‌హాం కాలవ కట్ట మీద.
విరిగిన పడవ కాడ.
మస్తానయ్య కొట్టం ఎనక.

నిప్పంటుకున్నప్పుడు బిందె చేతులు మారినట్టు
ఈ ఫోను నుంచి ఆ ఫోనుకు,
ఆ ఫోను నుంచి షెల్టరు మిద్దె మీది నర్సమ్మ ఫోనుకు,
ఎవరు ముందు సిగ్నల్లోకి నడిస్తే
వాళ్ల చేతి మీదుగా అందరి మాటలూ.

తుపాను నిజంగా వచ్చిన రాత్రి
ఒకే మనిషి రెండు వరసల్లో చేరాడు.
పామంజి శీనయ్య, కనబడలేదు.
పామంజి శీనయ్య, షెల్టర్లో ఉన్నాడు.
రెండు ఫోన్లు, రెండు గడియారాలు,
అందులో ఒకటి నలభై నిమిషాలు వెనక.
చివర రాసిందే నిజమని కదా నేను చదువుకున్నది.
ఎవరి గడియారంలో చివర?
నిలబడే ఆ సూత్రం కొట్టేశాను.
రెండు వరసలూ ఉంచు.
ఒక మనిషి పోయి, కళ్లతో చూసి చెప్పేదాకా
యంత్రం ఏదీ తేల్చడానికి లేదు.
డిప్యూటీ తాసిల్దారు విసుక్కున్నాడు,
ఆయనకు పైకి పంపడానికి ఒకే అంకె కావాలి.
శీనయ్య తెల్లారి దొరికాడు,
షెల్టరు మెట్ల కింద, గోనెసంచి కప్పుకుని నిద్రపోతూ.
రెండు వరసలూ నిజమే.

నాలుగో రోజు మళ్లీ ఇసకపల్లి వెళ్లాను.
జనరేటరు దగ్గర ఫోన్లు గుత్తులుగా చార్జింగు పెట్టున్నాయి.
పోలమ్మ నా ఎదురుగా కూచుని
తడిసిన బియ్యం పాత చీర మీద ఆరబోస్తోంది.
నా చేతిలో ఫోను మోగింది.
పదకొండు మందిమి. కట్ట మీద ఉండాం.
నీళ్లు మోకాళ్లు దాటినాయి. పిలకాయలు ఉండారు.
పంపినవారు: ఏకొల్లు పోలమ్మ.

కంట్రోల్ రూము వెంటనే అడిగింది, పడవ పంపాలా అని.
వద్దనడానికి నాకు గొంతు పెగల్లేదు కాసేపు.

ఇప్పుడు ప్రతి మాట పక్కనా దాని వయసు కనిపిస్తుంది:
పుట్టి ఆరు నిమిషాలు. పుట్టి మూడు రోజులు.
రాయడానికి ఒక్కపూట పట్టింది, అంతే.

ఆ రోజు తెర ఆమె వైపు తిప్పాను.
ఆ రాత్రి రాసిచ్చిన మనవరాలే
మళ్లీ చదివి వినిపించింది.
తన కేక తనే విని
పోలమ్మ బియ్యంలో రాయి ఒకటి ఏరి పారేసింది.
"పదకొండు గాదు మే, పన్నెండు.
మస్తానయ్య తర్వాత ఎక్కినాడు. దిద్దు."

పంపిన మాటను దిద్దే చోటు
నేనింకా పెట్టలేదు.